పెద్దమ్మ వేసిన కొప్పు

మా కింది వాటాలో ఉండే అమ్మాయి మొన్న పొద్దున్నే కూతుర్ని చంకనేసుకుని మెట్లెక్కి వచ్చింది. ఆ పిల్లని ఆ రోజే ఎల్‌కేజీలో దింపాలి.

"ఎలాగుందండీ మా బంగారం? ఒక్కసారి చూసి దీవించండి" అంది.

యూనిఫారం బాగుంది, బూట్లు బాగున్నాయి. నెత్తి వంక చూద్దును కదా, నడినెత్తిన ఇంత కొప్పు! దాని చుట్టూ రబ్బరు బ్యాండ్లు, క్లిప్పులు, పైన ఒక గులాబీ రంగు పూలచెండు. నాకు ఒళ్ళు మండిపోయింది.

"విప్పెయ్" అన్నాను.

"అదేంటండీ, పొద్దున్నుంచీ కూర్చోబెట్టి వేశాను..."

"విప్పుతావా, నన్ను విప్పమంటావా?"

పాపం, ఆ అమ్మాయి బిక్కచచ్చిపోయింది. అక్కడే గుమ్మంలో కూర్చుని కొప్పు విప్పి రెండు జడలు వేసింది. నేను పాపకి పటికబెల్లం ముక్క నోట్లో పెట్టి దీవించి పంపాను. మెట్లు దిగుతూ, ఈ ముసలావిడకి మతి పోయిందని అనుకునే ఉంటుంది.

నిజానికి ఆ అమ్మాయికి నా మీద గురి. ఉద్యోగం చేసినన్నాళ్ళూ నేను ఒకటో తరగతి పిల్లలకే పాఠాలు చెప్పాను. అందుకని ఏటా వేసవి చివర్లో రాజమండ్రిలో మా వీధి తల్లులూ తండ్రులూ నా దగ్గరికి వస్తూనే ఉంటారు, పిల్లల్ని బడికి ఎలా తయారు చెయ్యాలండీ అని. నాకు తోచింది చెబుతాను. డబ్బా మూత తనే తీసుకోవడం నేర్పండి. ఒంటికి వస్తే సిగ్గుపడకుండా చెప్పడం నేర్పండి. టీచరు కొడుతుందని భయపెట్టకండి. గేటు దగ్గర పిల్ల ఏడవకపోతే మీరు ఏడవకండి. వాళ్ళు బుద్ధిగా తలూపుతారు. కొప్పు సంగతి మాత్రం ఇంతవరకూ ఎవరికీ చెప్పలేదు. చెబితే, అంత చిన్న విషయానికి ఇంత పగా అంటారు. పాము పగ సంగతి నాకు తెలీదు గానీ, ఆరేళ్ళ ఆడపిల్ల పగ గురించి అడగండి, చెబుతాను.

మాది కాలవ గట్టున ఉమ్మడి ఇల్లు. పెదనాన్నా పెద్దమ్మా, అమ్మా నాన్నా, పిల్లలం. నాన్న ఉన్నాడన్న పేరే గానీ ఇంట్లో ఉండేవాడు కాదు. జంగారెడ్డిగూడెం వైపు పొగాకు కాల్చే బేరన్ల దగ్గర గుమస్తా. ఎప్పుడో పండక్కీ పబ్బానికీ వచ్చేవాడు. వస్తే చొక్కా నిండా ఘాటైన పొగాకు వాసన. ఏం అడిగినా "అన్నయ్య చెప్పినట్టే" అనేవాడు. అన్నయ్యేమో వదిన చెప్పినట్టే అనేవాడు. అదీ మా ఇంటి రాజ్యాంగం.

తాళాల గుత్తి పెద్దమ్మ బొడ్లో ఉండేది. ఎవరి కంచంలో ఎంత నెయ్యి పడాలో ఆవిడే చెప్పాలి. అమ్మ ఆ ఇంటికి చిన్నకోడలు. ముగ్గు దగ్గర్నుంచి కుడితి దాకా చాకిరీ అంతా ఆవిడది, మాట పెద్దమ్మది. అయితే పెద్దమ్మ చేతి వంట మాత్రం అమృతం. చింతచిగురు వేసి చిన్న రొయ్యలు వండిందంటే కాలవ అవతలి గట్టు వాళ్ళు కూడా ముక్కులు ఎగబీల్చేవారు. పగ వేరు, నిజం వేరు.

పెద్దమ్మ పెద్దకూతురికి అప్పటికే పెళ్ళయి అత్తారింట్లో ఉంది. తరవాత ఒక కొడుకు, నాకంటే కొన్ని నెలలు చిన్నవాడు, నాకు తమ్ముడి వరస. ఆ తరవాత చాలా కాలానికి, ఎవరూ అనుకోనప్పుడు, ఇంకో మగపిల్లాడు పుట్టాడు. వాణ్ణి చంటాడు అనేవాళ్ళం. పుట్టిన దగ్గర్నుంచీ వాడికి ఒకటే పని, ఏడవడం.

మా ఊళ్ళో అప్పట్లో ఏ పిల్లకి ఎన్నేళ్ళో కాగితం మీద ఎవరిదగ్గరా ఉండేది కాదు. పెద్ద గాలివాన వచ్చిన ఏడు పుట్టింది, ఎర్రావు ఈనిన నెలలో పుట్టాడు, అంతే లెక్క. అందుకని బడి మాష్టారు ఒక కొలత పెట్టుకున్నారు. కుడిచెయ్యి నెత్తి మీదుగా పోనిచ్చి ఎడమ చెవిని పట్టుకోవాలి. అందిందా, ఆరేళ్ళు నిండినట్టు, బళ్ళో వేసుకుంటారు. అందలేదా, వచ్చే ఏడు రావాలి.

"ఇద్దరినీ ఈ ఏడే వేసేద్దాం" అని పెదనాన్న ఒకరోజు భోజనాల దగ్గర అన్నాడు. ఆయన అన్నాడంటే అన్నట్టే. అమ్మ మొహం వెలిగిపోయింది. ఆ వేసవంతా నన్ను తయారు చేసింది. మాష్టారు పిలిస్తే "ఆయ్, వచ్చానండీ" అనాలి. ముక్కు పరికిణీకి తుడుచుకోకూడదు. పలక ఎవరడిగినా ఇవ్వకూడదు. రోజూ పొద్దున్న పళ్ళు తోముకోగానే "ఏదీ, చెవి పట్టుకో" అనేది. మొదట్లో అందలేదు. మామిడికాయలు ముదిరేసరికి కొస తగిలింది. పళ్ళు పండేసరికి చెవి తమ్మె నా రెండు వేళ్ళ మధ్యకొచ్చింది. అమ్మ నా తల మీద ముద్దు పెట్టుకుంది.

బడి తెరిచే రోజు మాష్టారు, వెనక పాత పిల్లలు, పాటలు పాడుకుంటూ ఇల్లిల్లూ తిరిగి కొత్త పిల్లల్ని తీసుకెళ్ళేవారు. ప్రతి ఇంట్లోనూ వాళ్ళకి పుట్నాలపప్పూ బెల్లమూ పంచాలి. ఆ పొద్దున్న ఇల్లంతా బెల్లం వాసన. పెద్దమ్మ నన్ను పిలిచింది.

"రావే, నీకు ముస్తాబు చేస్తాను. మీ అమ్మకి తల దువ్వడం ఎక్కడొచ్చు!"

అంతకుముందు ఆవిడ ఎన్నడూ నా తల ముట్టుకున్న పాపాన పోలేదు. నాకు ఆనందం పట్టలేదు. దోసిలి నిండా కొబ్బరినూనె పెట్టి, జుట్టంతా పైకి దువ్వి, నడినెత్తిన కొప్పు కట్టడం మొదలెట్టింది. లోపల ఏదో కుక్కింది. "కదలకే" అంది. చుట్టూ కనకాంబరాలు, మరువం. అద్దంలో చూసుకుంటే పెళ్ళికూతుర్లా ఉన్నాను. అమ్మ వంటింట్లోంచి వచ్చి చూసి, "ఎంత బాగా వేశారక్కా" అంది కూడాను. ఇప్పటికీ నన్ను కుదిపేసేది అదే. మేమిద్దరం ఆవిడకి కృతజ్ఞతలు చెప్పుకున్నాం.

మాష్టారొచ్చారు. పెదనాన్న ఎదురెళ్ళి, కొడుకుని ముందుకు తోసి, అందరు తండ్రులూ అనే మాటే అన్నాడు. "కళ్ళు రెండూ మాకుంచి తోలు తీసెయ్యండి మాష్టారూ." మాష్టారు నవ్వి "చెయ్యెత్తరా" అన్నారు. వాడి వేళ్ళు చెవికి బెత్తెడు దూరంలో ఆగిపోయాయి. వెనక నించున్న పెద్దమ్మ మెల్లిగా వాడి తల పట్టుకుని భుజం మీదికి వంచింది. "అదుగోనండీ, అందింది!" మాష్టారు చూసీ చూడనట్టు ఊరుకున్నారు.

తరవాత నేను. చెయ్యెత్తాను. చెయ్యి కొప్పు ఎక్కింది. ఎక్కినది దిగలేదు. వేళ్ళకి కనకాంబరాలు తగులుతున్నాయి గానీ చెవి తగల్లేదు. సాగదీశాను. మునివేళ్ళ మీద లేచాను. మునివేళ్ళ మీద లేస్తే చెవి కూడా పైకే లేస్తుందని అప్పుడు తెలీదు. మాష్టారు నోరు తెరవకముందే పెద్దమ్మ అంది, "ఇంకా పసిదండీ. వచ్చే ఏడు చూద్దాం."

పిల్లలు వాణ్ణి భుజాల మీద ఎక్కించుకుని పాడుకుంటూ వెళ్ళిపోయారు. వాడి తోలు తీస్తారట, నా తోలు అక్కర్లేదట. నా తోలు కూడా తీసుకోండి మాష్టారూ అని అరవాలనిపించింది. అరుగు మీద ఒలికిన పుట్నాలపప్పు కోళ్ళు ఏరుకుంటున్నాయి.

సాయంత్రం అమ్మ నన్ను ఒళ్ళో కూర్చోబెట్టుకుని కొప్పు విప్పింది. లోపల్నుంచి పాత చీర గుడ్డ ఉండ ఒకటి ఊడి కింద పడింది. చిన్న కొబ్బరికాయంత ఉంది. అమ్మ దాన్ని చూసింది, నన్ను చూసింది.

"ఏదీ, ఇప్పుడు పట్టుకో" అంది.

పట్టుకున్నాను. చెవి పూర్తిగా నా గుప్పిట్లోకి వచ్చింది.

అమ్మ ఆ గుడ్డ ఉండ పైట కింద దాచుకుని వెళ్ళి, పెదనాన్న పడక్కుర్చీకి ఇవతల తలుపు చాటున నిలబడింది. "బావగారూ, పిల్లకి చెయ్యి అందుతోందండి" అంది. అంతకంటే ఏమీ అనలేదు. పెద్ద తోటికోడలి మీద నేరం చెప్పే నోరు ఆవిడకి లేదు.

పెదనాన్న విసనకర్ర ఆపాడు. "మాష్టారు పేర్లు రాసేసుకున్నారు కదమ్మా. ఆడపిల్లకి ఒక ఏడాది ఇటైతేనేం, అటైతేనేం? చంటాడి దగ్గర కూడా ఎవరో ఒకరు ఉండాలిగా."

అప్పటికే ఆ మాట ఆయన చెవిలో ఎవరు వేశారో అమ్మకి అర్థమైంది. లోపల్నుంచి పెద్దమ్మ గొంతు వినపడింది. "పిల్ల ముద్దుగా ఉంటుందని కొప్పు వేశాను. మంచికి పోతే చెడు ఎదురైందని ఊరికే అన్నారా!"

మర్నాటి నుంచి చంటాడి ఉయ్యాల తాడు నా చేతికొచ్చింది. ఓహో, ఇందుకా అనుకున్నాను. ఆరేళ్ళ బుర్రకి అంత అర్థమవుతుందా అంటారేమో. అన్యాయం అర్థం కావడానికి చదువుతో పనిలేదు.

పొద్దున్న తమ్ముడు పలక పట్టుకుని వెళ్ళేవాడు. నేను ఉయ్యాల ఊపేదాన్ని. మధ్యాహ్నం వాడు బలపం దుమ్ముతో వచ్చి, నా ఎదురుగా కూర్చుని, ఊరంతా వినపడేలా అక్షరాలు అరిచేవాడు. "నీకు రాదుగా" అనేవాడు. అంతకుముందు అక్కా అని పిలిచేవాడు కాస్తా, బళ్ళో చేరాక పేరు పెట్టి పిలవడం మొదలెట్టాడు. పెద్దమ్మ విని మురిసిపోయేది.

నేనేం చేతులు కట్టుకుని కూర్చోలేదు. పాలు పితికే వేళకి ముందే దూడ కట్టు వదిలేసేదాన్ని. పెద్దమ్మ చెంబు పట్టుకుని వెళ్ళేసరికి గేదె పొదుగు ఖాళీ. ఆవిడకి ముక్కుపొడుం అలవాటు ఉంది. ఒకనాడు ఆ డబ్బాలో కాస్త మిరపకారం కలిపాను. ఆ పూటంతా ఆవిడ తుమ్మిన తుమ్ములకి చూరు మీద పావురాలు లేచిపోయాయి. చంటాడు కూడా ఏడుపు మాని చూస్తూ ఉండిపోయాడు. నాకు ఆ నాలుగు ఘడియలూ స్వర్గం. కానీ తుమ్ములు ఆగిపోయాక నేను మళ్ళీ ఉయ్యాల దగ్గరే, వాడు మళ్ళీ బళ్ళోనే. చిల్లర పనులతో ఈ కసి తీరదని తెలిసిపోయింది.

అమ్మ దారి వేరు. అమ్మ అయిదో తరగతి దాకా చదువుకుంది. ఆ సంగతి మా ఇంట్లో ఎవరూ ఎత్తేవారు కాదు, పెద్దమ్మకి అక్షరం ముక్క రాదు మరి. అమ్మ వంటింట్లో బియ్యప్పిండి జల్లిస్తూ నన్ను పక్కన కూర్చోబెట్టుకునేది. పళ్ళెంలో పిండి పల్చగా పరిచి వేలితో ఒక అక్షరం రాసేది. నేను దాని మీద దిద్దేదాన్ని. అడుగుల చప్పుడైతే అమ్మ అరచేత్తో ఒక్క తుడుపు తుడిచేది. తరవాత ఆ పిండిలో వామూ నువ్వులూ కలిపి జంతికలు వత్తేది. నా అక్షరాలన్నీ ఆ ఇల్లంతా కలిసి కరకరా నమిలింది. ఒక్కరికీ అనుమానం రాలేదు.

అలా మళ్ళీ వేసవి వచ్చింది. గుణింతాలు దాటి మాటల్లోకి వచ్చేశాను. ఒకరోజు అడిగాను, "అమ్మా, దొంగ అని ఎలా రాస్తారు?"

"ఎందుకే?"

"ఊరికే."

అమ్మ నా మొహంలోకి కాసేపు చూసింది. తరవాత పిండిలో వేలు పెట్టి శుభ్రంగా రాసి చూపించింది.

వేసవిలో మా ఇంట్లో మామిడితాండ్ర పెట్టడం పెద్ద యజ్ఞం. పెరట్లో మంచాల మీద తాటాకు చాపలు పరిచి, పళ్ళ రసంలో బెల్లం కలిపి పొర పోసి ఎండబెట్టాలి. ఎండాక దాని మీద ఇంకో పొర. ఊరంతా పెట్టేవారు గానీ పెద్దమ్మ తాండ్ర పేరే వేరు. ఈసారి ఇంకా శ్రద్ధగా పెట్టింది, పెద్దకూతురి అత్తారింటికి పంపాలని. ఆ వియ్యంకుడికి ముక్కు మీద కోపం. పెళ్ళిలో విడిది దగ్గర మంచినీళ్ళు ఆలస్యమయ్యాయని అలిగిన మనిషి. తాండ్ర అంటే మాత్రం ప్రాణం పెడతాడు.

కాకుల్ని తోలే పని నాదే. ఒక చేత్తో కర్ర, ఒక చేత్తో ఉయ్యాల తాడు. ఆఖరి పొర పోసిన మధ్యాహ్నం ఇంట్లో అందరూ కునుకు తీస్తున్నారు. ఎండకి తాండ్ర వాసన తలకెక్కుతోంది. చీపురుపుల్ల ఒకటి విరిచాను. పచ్చిగా మెరుస్తున్న ఆ పొర మీద మొదటిసారి రాశాను. దొంగ. చేతికి బాగా వచ్చింది. పక్కన ఇంకోటి రాశాను. ఎక్కడ ఖాళీ కనపడితే అక్కడ రాశాను. చాప నిండా రాశాను. నా జన్మలో అంత శ్రద్ధగా కాపీ రాసింది లేదు.

అది పెద్దమ్మకి. ఆవిడ చదవలేదని తెలుసు. తెలిసే రాశాను. రోజూ తన చేతుల్తో తడుముకునే వస్తువు మీద తన పేరు ఉండాలి, అంతే నా కోరిక.

మర్నాడు ఎండిన తాండ్ర చూసి పెద్దమ్మ నన్ను తిట్టిపోసింది. "చూడు, కాకులు ఎలా తొక్కాయో! ఇక్కడ కూర్చుని ఏం వెలగబెడుతున్నావే?"

"ఎంత తోలినా పోలేదు పెద్దమ్మా. పెద్ద కాకి."

"సర్లే, తింటే ఏం తెలుస్తుంది" అని ముక్కలు కోసి, గుడ్డలో చుట్టి, మామిడిపళ్ళ గంప మీద పెట్టి వియ్యాలవారింటికి మనిషి చేత పంపింది. అది వియ్యాలవారి కోసం పెట్టిందని నాకు అప్పటిదాకా తెలీదు. దేవుడు నా మొర ఇంత ఎక్కువగా వింటాడనీ అనుకోలేదు.

గంప సాయంత్రానికల్లా తిరిగొచ్చింది. ఒక్క పండు తియ్యలేదు. తెచ్చిన మనిషి గుమ్మంలో తల గోక్కుంటూ చెప్పాడు, "వియ్యంకుడు గారు అడగమన్నారండి, తమ ఇంట్లో దొంగలెవరో పేరు పెట్టి చెప్పమన్నారండి. అందరి ముందూ చదివారండి ఆయన."

పెదనాన్న గుడ్డ విప్పాడు. ఒక ముక్క తీసి చూశాడు, ఇంకోటి చూశాడు. చూసినకొద్దీ మొహం కందిపోయింది. "ఎవరు రాశారిది?"

"రాయడమేంటి? కాకులు తొక్కాయి" అంది పెద్దమ్మ.

"నీ మొహం! కాకులు దొంగ అని తొక్కుతాయా?"

పెద్దమ్మ నోరు నొక్కుకుంది. ఆ ఇంట్లో బడికెళ్ళే శాల్తీ ఒక్కడే. చెవి పట్టుకుని లాక్కొచ్చారు. వాడు గింజుకుంటూ నా వైపు వేలు చూపించాడు. "నేను కాదు నాన్నోయ్! అదే రాసింది! అక్కడ అదే కూర్చుంది!"

పెద్దమ్మ వాడి వీపు మీద ఒక్కటి వేసింది. "దానికి రాయడం ఎక్కడొచ్చురా? ఎన్నడైనా బడి మొహం చూసిందా అది?"

ఆవిడ నోటితోనే అంది ఆ మాట. వాడి వీపు మోగుతోంది. నేను ఉయ్యాల ఊపుతున్నాను. జాలి కలిగిందా అని అడుగుతారేమో, కలగలేదు. నీకు రాదుగా అన్నవాడికి నాకు రాదనే దెబ్బలు పడ్డాయి, అంతే. వంటింటి గుమ్మంలో నిలబడి అమ్మ నన్నే చూస్తోంది. పైట కొంగు నోట్లో కుక్కుకుంది. ఏడుస్తోందేమో అనుకున్నాను. నవ్వు ఆపుకుంటోంది.

ఆ నవ్వు ఎక్కువసేపు నిలవలేదు. బడి తెరిచే రోజు దగ్గరకొచ్చేసింది. అమ్మ పెరట్లో బియ్యం చెరుగుతూ నాకు మాత్రమే వినపడేలా చెప్పింది. "మీ పెద్దమ్మ ఈసారి కొప్పులో పెట్టడానికి సవరం కూడా తీసి పెట్టుకుందే. ఈ ఏడు కూడా దాటితే, ఆడపిల్ల పెద్దదైపోయింది, ఇంక బడేంటి అంటారు. మీ పెదనాన్నతో అప్పుడే అంటోంది, విన్నాను."

"నేను కొప్పు వేయించుకోను" అన్నాను.

"నువ్వు వద్దంటే కూర్చోబెట్టి వేస్తుంది. ఆవిడ చేతిలోంచి దువ్వెన లాక్కునే ధైర్యం నాకు లేదు" అంది అమ్మ. చేట పక్కన పెట్టి చాలాసేపు నా జుట్టు నిమిరింది. నాకు నడుం దాకా వచ్చే జుట్టు. అమ్మకి అదంటే మహా ఇష్టం.

ఆ సాయంత్రం అమ్మ మళ్ళీ తలుపు చాటున నిలబడింది. "బావగారూ, ఆయనకి పొగాకు బేరన్ల దగ్గర జ్వరం వచ్చినప్పుడు కోరుకొండ స్వామికి మొక్కుకున్నానండి. పిల్లని తీసుకెళ్ళి తీర్చుకొస్తాను. నరసింహస్వామి, ఆలస్యం చేస్తే ఊరుకోడండి."

"వెళ్ళిరా అమ్మా" అన్నాడు పెదనాన్న. మొక్కంటే ఆయనకి భయం. ఏం మొక్కో ఆయన అడగలేదు, అమ్మ చెప్పలేదు.

బడి తెరిచే ముందు రోజు, కొండ కింద గుండు గీసే ఆయన ముందు అమ్మ నన్ను కూర్చోబెట్టింది. "నున్నగా గియ్యండి బాబూ. ఒక్క వెంట్రుక మిగలకూడదు" అంది. పిల్ల ఏడుస్తుందేమోనని ఆయన బెల్లం ముక్క చేతిలో పెట్టుకుని ఉన్నాడు. నేను నవ్వుతూనే ఉన్నాను. ఏడ్చింది అమ్మ. నీళ్ళు కారుతూనే ఉన్నాయి, మధ్యమధ్య "ఇక్కడ ఇంకొంచెం ఉందండి" అని చూపిస్తూనే ఉంది. గుండుకి గంధం పూసి కొండ ఎక్కించింది. మెట్లు నిట్టనిలువుగా ఉన్నాయి. పైన గాలికి నా తల చల్లగా, తేలిగ్గా అయిపోయింది. స్వామి ముందు అమ్మ ఏం మొక్కుకుందో గానీ నేను మాత్రం, ఆయన పళ్ళూ గోళ్ళూ చూసి, ఇవి నాకు కూడా ఇవ్వు స్వామీ అని అడిగాను.

రాత్రికి రాజమండ్రిలో అమ్మ చుట్టాలింట్లో ఉండి, పొద్దున్నే మొదటి బస్సుకి బయల్దేరాం. మేం గట్టు మీద నడుస్తూ ఉండగానే ఊళ్ళో బడిపిల్లల పాట వినపడుతోంది. అమ్మ నా తలకి తువ్వాలు చుట్టి, చెయ్యి పట్టుకుని దాదాపు పరిగెత్తించింది.

పెద్దమ్మ అరుగు మీద సిద్ధంగా కూర్చుని ఉంది. దువ్వెన, నూనె గిన్నె, కనకాంబరాలు, పక్కన నల్లగా సవరం. మొహం నిండా ప్రేమ.

"ఇంతాలస్యమా చెల్లీ! రావే తల్లీ, కూర్చో. మాష్టారు వచ్చేలోపు చక్కగా ముస్తాబు చేసేస్తాను."

అమ్మ తువ్వాలు తీసింది.

తేలు కుట్టిన దొంగని మీరు చూశారో లేదో, నేను చూశాను. నోరు తెరిచింది, మూసింది. దువ్వెన అలాగే గాల్లో ఉంది. దేవుడికిచ్చిన జుట్టు, ఏమని అడుగుతుంది? ఇంటి దొంగని ఈశ్వరుడైనా పట్టలేడంటారు. అందుకే అమ్మ నరసింహస్వామి దగ్గరికి వెళ్ళింది.

కాసేపటికి పెద్దమ్మ తేరుకుంది. "గుండుతో బడేంటి, అశుభం కాదూ? జుట్టు రానీ, వచ్చే ఏడు..."

"స్వామికిచ్చిన తల కదా అక్కా. అశుభం అనకూడదు" అంది అమ్మ. గొంతు వణికింది గానీ మాట పూర్తి చేసింది.

మాష్టారు రానే వచ్చారు. పెదనాన్న వాకిట్లో నిలబడ్డాడు. వెనక పిల్లల్లో తమ్ముడు, నా గుండు చూసి ఇకిలిస్తున్నాడు. "చెయ్యెత్తమ్మా" అన్నారు మాష్టారు. ఎత్తాను. గంధం పూసిన గుండు మీద చెయ్యి సర్రున జారి చెవి మీద పడింది. పట్టుకున్నాను. ఎంత గట్టిగా అంటే గోళ్ళు దిగాయి.

"చాలమ్మా, అందింది. వదిలెయ్" అన్నారు మాష్టారు.

వదల్లేదు. పేరు రాసుకునేదాకా వదలనన్నాను. పిల్లలందరూ గొల్లుమన్నారు. మాష్టారు కూడా నవ్వి, అక్కడే అరుగు మీద కూర్చుని నా పేరు రాసుకున్నారు. పెదనాన్న ఎవరి వైపూ చూడకుండా, "కళ్ళు రెండూ మాకుంచి..." అని మొదలెట్టాడు. ఏడాదిగా ఎదురుచూసిన మాట. పూర్తయ్యేదాకా చెవి పట్టుకునే విన్నాను.

అప్పుడే లోపల చంటాడు లేచి ఏడుపు అందుకున్నాడు. అలవాటు కొద్దీ అందరూ నా వైపు చూశారు. పెద్దమ్మ కూడా చూసింది. అమ్మ నా భుజం పట్టుకుని పిల్లల గుంపులోకి నెట్టింది. ఆ ఇంట్లో అడుగు పెట్టిన దగ్గర్నుంచీ తలుపు చాటునే మాట్లాడిన మనిషి, నడివాకిట్లో, మాష్టారి ముందూ పెదనాన్న ముందూ, తల ఎత్తి అంది.

"అక్కా, చంటాడు లేచాడండి. ఇక మీరే ఊపుకోండి."

ఇప్పుడు అమ్మ లేదు, పెదనాన్న లేడు. గట్టు మీద ఆ ఇల్లూ లేదు, ఆ చోట రొయ్యల చెరువు తవ్వారు. పిల్లల్ని భుజాల మీద మోసుకెళ్ళే బడి కూడా లేదు. పసుపు రంగు వ్యాన్లు గుమ్మం ముందు ఆగి హారన్ కొడతాయి.

నా చదువు మాత్రం ఆ రోజుతో ఆగకుండా నడిచింది. కాకపోతే బళ్ళో ఉన్నన్నాళ్ళూ నాకంటే చిన్నవాడైన తమ్ముడి కింద తరగతిలోనే కూర్చున్నాను. ప్రతి జూన్‌లోనూ ఆ ఏడాది నాకు మళ్ళీ గుర్తొచ్చేది. ఆవిడ తీసుకున్నది ఒక్క ఏడాదే కదా అని అమ్మ సర్దిచెప్పేది. ఒక్కటే. కానీ అది నాది.

పెద్దమ్మ చాలా కాలం బతికింది. చివర్లో మంచం పట్టి నన్ను చూడాలని కబురు పెట్టింది. వెళ్ళాను. మనిషి సగమైపోయింది. మంచం చుట్టూ కోడళ్ళూ మనవలూ ఉన్నారు. పెద్దమ్మ నా చెయ్యి పట్టుకుని, వెలిసిపోయిన కళ్ళతో నా తల వైపు చూసింది.

"చిన్నప్పటివి ఏవీ మనసులో పెట్టుకోకే అమ్మా" అంది.

అందరూ నా వైపు చూశారు. ఆ సమయంలో ఎవరైనా ఏమంటారో నాకూ తెలుసు.

"పెట్టుకున్నాను పెద్దమ్మా" అన్నాను. దుప్పటి సర్ది, మంచినీళ్ళు తాగించి, వచ్చేశాను.